లివర్ ఇచ్చేవాళ్ళకి ఫ్యాటీ లివర్ పరీక్ష: స్కానింగా, ఫైబ్రోస్కానా, ఎమ్మారైనా, బయాప్సీనా?

మా ఇంటాయనకి లివర్ మార్చాలన్నారు, ఇంట్లో ఎవరో ఒకరు తమ లివర్‌లో ముక్క ఇవ్వాలి. నా స్కానింగ్ రిపోర్టు అడుగున ఒక్క లైను: "గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్". మా బావగారు అది చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "నీది పనికిరాదులేమ్మా, ఇంక పిల్లోడే ఇవ్వాల" అన్నారు. పిల్లోడంటే మా అబ్బాయి, అప్పటికి ఇరవై రెండేళ్ళు. రివటలా ఉంటాడు. వాడి రిపోర్టులో "లివర్ నార్మల్" అని ఉంది. కర్నూల్లో ఒకే స్కానింగ్ సెంటర్లో, ఒకే పొద్దున, నా వెనకే వాడు పడుకుని చేయించుకున్న పరీక్ష అది.

మూడు వారాల తర్వాత హైదరాబాద్‌లో ఎమ్మారై తీస్తే లెక్క తిరగబడింది. నా లివర్‌లో కొవ్వు 9 శాతం, వాడి లివర్‌లో 13.

చివరికి మా ఇంటాయనకి లివర్ ఇచ్చింది నేనే. కానీ ఆ మూడు వారాలు మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పిల్లోడిని ఆపరేషన్ బల్ల మీద ఊహించుకుని అత్తమ్మ అన్నం ముట్టలేదు. స్కానింగ్ చేసినవాళ్ళ తప్పేమీ లేదు. ఆ పరీక్ష చెప్పగలిగినదానికన్నా ఎక్కువ మేమే దాని నోట చెప్పించుకున్నాం. ఇప్పుడు అదే చోట ఆగిపోయిన ఇళ్ళ కోసం ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో లెక్కల టీచర్ని. రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని, కనిపించిన డాక్టరునల్లా అడిగి తెలుసుకున్నవే ఇవన్నీ. తుది మాట మీ ట్రాన్స్‌ప్లాంట్ టీందే.

ముందు ఏం తేల్చుకోవాలి

కొవ్వు "ఉందా లేదా" అన్నది అసలు ప్రశ్న కాదు. మన ఊళ్ళలో నలభై దాటిన పది మందికి స్కానింగ్ తీస్తే ఎంతోమందికి ఎంతో కొంత కనిపిస్తుంది. అడగాల్సినవి నాలుగు.

ఎంత ఉంది? బయాప్సీ లెక్కలో 5 శాతం లోపు మామూలు. 10 లోపైతే డోనర్‌గా దాదాపు ఎవరూ అభ్యంతరం పెట్టరు. 10 నుంచి 30 మధ్య మనిషిని బట్టి, ముక్క సైజుని బట్టి ఆలోచిస్తారు. 30 దాటితే చాలా చోట్ల ఒప్పుకోరు.

కొవ్వుతో పాటు వాపు, మచ్చలు కూడా ఉన్నాయా? మచ్చలంటే ఫైబ్రోసిస్. ఉత్త కొవ్వు తగ్గుతుంది. మచ్చ పడిన లివర్‌ని కోయడానికి ఏ సర్జనూ ముందుకు రాడు.

ఇచ్చాక దాతకి ఎంత మిగులుతుంది? ఇదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మా ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న కూడా ఇదే. బోర్డు మీద రాసినట్టే రాస్తా. లివర్ 1,200 గ్రాములు అనుకోండి. కుడి భాగం అందులో 65 శాతం, అంటే 780 గ్రాములు రోగికి వెళ్తుంది. దాతకి మిగిలేది 420 గ్రాములు, 35 శాతం. రోగి 70 కిలోల మనిషైతే, ఒంటి బరువులో 0.8 శాతం చొప్పున కనీసం 560 గ్రాముల ముక్క కావాలంటారు. 780 ఉంది కాబట్టి ఢోకా లేదు. ఇప్పుడు అదే లివర్‌లో 20 శాతం కొవ్వు ఉందనుకుని, పని చెయ్యని బరువుగా తీసేయండి. రోగికి వెళ్ళేది 624, ఇంకా చాలు. దాతకి మిగిలింది మాత్రం 336, మొత్తంలో 28 శాతం. దాతకి 30 శాతానికి తగ్గకూడదన్నది గీత. కొవ్వుంటే 35 కావాలనే సర్జన్లూ ఉన్నారు. డాక్టర్ల లెక్కలో ఇంకా చాలా అంశాలు కలుస్తాయి, ఇది అర్థం కావడానికి మాత్రమే. కానీ చూశారా, కొవ్వు ముందుగా ముంచేది రోగిని కాదు, దాతని.

రోగి వైపూ నష్టం ఉంది. బయటికి తీసిన ముక్క కాసేపు రక్తం లేకుండా, చల్లగా ఉంటుంది. కొవ్వు నిండిన కణాలు ఆ దెబ్బకి తట్టుకోలేవు, కొత్త ఒంట్లో పని అందుకోవడానికి తడబడతాయి.

నాలుగోది, రోగి దగ్గర ఎంత టైముంది? దీని సంగతి కొవ్వు తేలాక ఏం చెయ్యాలన్న చోట చెప్తా.

ఇంకొక మాట. మా ఇంటాయన జన్మలో మందు ముట్టలేదు. షుగరు, ఫ్యాటీ లివర్, దాన్నుంచి సిర్రోసిస్, అంటే లివర్ అంతా మచ్చలు పడి గట్టిపడిపోవడం. రోగం అలా వచ్చిన ఇంట్లో రక్తసంబంధీకులకి కూడా ఫ్యాటీ లివర్, మచ్చలు ఉండే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. జీన్స్ ఒకటే, వంటిల్లూ ఒకటే. "సన్నగా ఉన్నాడు కదా, వాడికేం" అని మా అందరి నోటా వచ్చిన మాట అక్కడే తప్పింది. మన దేశంలో సన్నవాళ్ళకీ ఫ్యాటీ లివర్ బాగానే ఉంటుంది.

ఒక్కో పరీక్షా ఏం చెప్తుంది, ఏం చెప్పదు

రక్తపరీక్షలు: ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే లివర్ ఎంజైములు నార్మల్ వచ్చినంత మాత్రాన కొవ్వు లేనట్టు కాదు. మా ఇద్దరికీ నార్మలే. షుగరు, కొలెస్ట్రాల్, హెపటైటిస్ బి, సి ఎలాగూ చేస్తారు.

కడుపు స్కానింగ్, అంటే అల్ట్రాసౌండ్: ప్రతి ఊళ్ళో దొరుకుతుంది, ఖర్చు తక్కువ, సూది లేదు, రేడియేషన్ లేదు. తెర మీద లివర్ పక్కనే ఉన్న కుడి కిడ్నీ కన్నా తెల్లగా మెరుస్తుంటే గ్రేడ్ వన్. లోపలి రక్తనాళాల అంచులు మసకబారితే టూ. వెనక ఉన్న డయాఫ్రమ్ (ఛాతీకి కడుపుకి మధ్య ఉండే కండరం పొర) గీతే కనపడకపోతే త్రీ. ఇదంతా చూసేవాళ్ళ కంటి అంచనా. అందుకే ఒక సెంటర్లో వన్ అన్నది ఇంకో చోట నార్మల్ అవ్వొచ్చు. కొవ్వు 20, 30 శాతం దాటితే బాగానే పడుతుంది, అంతకన్నా తక్కువైతే తరచూ జారిపోతుంది. డోనర్ విషయంలో తేల్చాల్సింది సరిగ్గా ఆ తక్కువ మేరలోనే. కాబట్టి స్కానింగ్‌లో గ్రేడ్ త్రీ వస్తే నమ్మండి. వన్ అన్నా, నార్మల్ అన్నా ఇంకో పరీక్ష అడగండి.

ఫైబ్రోస్కాన్: కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. పక్కటెముకల మధ్య చిన్న రాడ్డు ఆనించి పదిసార్లు తడతారు, వేలితో టిక్కున కొట్టినట్టుంటుంది, నొప్పి లేదు. రెండు అంకెలు వస్తాయి. మొదటిది లివర్ గట్టితనం, కిలోపాస్కల్ లెక్కలో. ఆరోగ్యమైన లివర్‌కి సాధారణంగా 6 లోపు ఉంటుంది. రెండోది క్యాప్, 100 నుంచి 400 మధ్య, ఇది కొవ్వుకి. దాదాపు 248 దాటితే కొవ్వు మొదలైనట్టు, 268 దాటితే మధ్యరకం, 280 దాటితే ఎక్కువ అని ఒక లెక్క వాడుకలో ఉంది. 268కి 280కి మధ్య ఎంత ఇరుకో చూడండి. ఒంటి బరువు, షుగరు కూడా ఆ అంకెని అటూ ఇటూ లాగుతాయి. కొవ్వు మోతాదు తేల్చడానికి దీన్నొక్కదాన్నే పట్టుకోకూడదు. మచ్చలు లేవని ధైర్యం చెప్పడంలో మాత్రం దీనికి మంచి పేరుంది. లావుగా ఉన్నవాళ్ళకి ఎక్స్‌ఎల్ అనే వేరే ప్రోబ్ ఉంటుంది, అది వాడారో లేదో అడగండి.

సీటీ స్కాన్: డోనర్‌కి ఇది ఎటూ తప్పదు. లివర్ ఎన్ని గ్రాములు, రక్తనాళాలు ఎలా చీలాయి అన్నది దీన్లోనే తేలుతుంది. రంగు మందు ఎక్కించకముందు తీసిన బొమ్మల్లో కొవ్వు లెక్క కూడా వస్తుంది. లివర్ తెలుపు విలువలోంచి స్ప్లీన్ (ప్లీహం) తెలుపు విలువ తీసేస్తే వచ్చేదే ఎల్ఏఐ. మన దేశపు ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్లలో అందరి నోటా వినపడే అంకె ఇది. ప్లస్ 5 దాటితే పేచీ లేనట్టే. ప్లస్ 5కి మైనస్ 10కి మధ్యలో ఉంటే 6 నుంచి 30 శాతం వరకు కొవ్వు ఉండొచ్చు. మైనస్ 10 కన్నా కిందికి పోతే 30 దాటినట్టు. నాది ప్లస్ 3, మా అబ్బాయిది మైనస్ 3. ఇద్దరం మధ్య గడిలోనే పడ్డాం, అందుకే ఎమ్మారై రాశారు. సీటీకి ఉన్న లోటు రేడియేషన్. ఒంట్లో ఐరన్ ఎక్కువ పేరుకుపోయి ఉంటే లివర్ అసలుకన్నా తెల్లగా కనపడి కొవ్వు దాగిపోతుంది కూడా.

ఎమ్మారై కొవ్వు లెక్క, పీడీఎఫ్ఎఫ్: లివర్ అంతటా కొవ్వు ఎంత శాతమో కొలిచి అంకె ఇస్తుంది. రేడియేషన్ లేదు. అదే సిట్టింగులో పిత్తనాళాల బొమ్మ కూడా తీస్తారు, అదీ డోనర్‌కి కావాల్సిందే. ఊపిరి బిగబట్టమన్నప్పుడల్లా బిగబట్టాలి. ఆ సొరంగంలో మోత భరించాలి. ఇరుకు చోటంటే భయమున్నవాళ్ళు ముందే చెప్పండి.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది, మాకూ జరిగింది. ఎమ్మారై శాతం, బయాప్సీ శాతం ఒకటి కావు. బయాప్సీలో లెక్కపెట్టేది నూటికి ఎన్ని కణాల్లో కొవ్వు చుక్క ఉందని. ఎమ్మారై కొలిచేది కొవ్వు పాలు ఎంతని. ఎమ్మారైలో సుమారు 6 అంటేనే బయాప్సీలో కొవ్వు మొదలైనట్టు. 17 అంటే అక్కడ మూడో వంతు దాటినట్టు. 22 అంటే మూడింట రెండొంతులు దాటినట్టు. "13 శాతమే కదా, 30 లోపే కదా" అని మా బావగారు ఊరట పడ్డారు. ఆ 13 చిన్నది కాదని డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించాక గాని అర్థం కాలేదు.

బయాప్సీ: సూదితో లివర్ నుంచి దారప్పోగంత ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడటం. కొవ్వు పెద్ద చుక్కలుగా ఉందా చిన్న చుక్కలుగా ఉందా (భయపడాల్సింది పెద్ద చుక్కలకే), వాపు ఉందా, మచ్చలు పడ్డాయా, అన్నీ ఒకేసారి తేలేది ఇందులోనే. కానీ ఆ పోగు మొత్తం లివర్‌లో సుమారు యాభైవేల వంతు. కొవ్వు అంతటా సమంగా లేకపోతే తీసిన చోటుని బట్టి ఫలితం మారుతుంది. రక్తస్రావం భయం కొద్దిగా ఉంది, ప్రాణాపాయం పదివేలల్లో ఒకరి స్థాయిలో చెప్తారు. ఆదోని నుంచి తమ్ముడి కోసం వచ్చిన ఒకాయన వార్డులో మా పక్కనే ఉండేవారు. గుచ్చినప్పటికన్నా ఆ సాయంత్రం కుడి భుజంలో లాగిన నొప్పే ఎక్కువన్నారు. లివర్ దగ్గర కలత భుజంలో తెలుస్తుందట. ఇప్పుడు చాలా చోట్ల అందరు డోనర్లకీ బయాప్సీ చెయ్యరు. స్కాన్లు ఒకదానికొకటి పొసగనప్పుడు, గట్టితనం ఎక్కువ వచ్చినప్పుడు, ఎంజైములు పెరిగి ఉన్నప్పుడు అడుగుతారు.

| పరీక్ష | తక్కువ కొవ్వుని పడుతుందా | మచ్చలు తెలుస్తాయా | ఇబ్బంది | దేనికి వాడుకోవాలి |
|---|---|---|---|---|
| అల్ట్రాసౌండ్ | సరిగా పట్టదు | తొలిదశలో తెలియవు | ఏమీ లేదు | మొదటి వడపోత |
| ఫైబ్రోస్కాన్ | ఒక మోస్తరు | బాగా తెలుస్తాయి | పరగడుపున వెళ్ళాలి | మచ్చలు లేవని చూసుకోవడానికి |
| సీటీ, ఎల్ఏఐ | ఒక మోస్తరు | తెలియవు | రేడియేషన్, రంగు మందు | ముక్క సైజు, రక్తనాళాలు, కొవ్వు అంచనా |
| ఎమ్మారై, పీడీఎఫ్ఎఫ్ | బాగా పడుతుంది | ఈ అంకెతో తెలియవు | ఖర్చు, ఇరుకు | కొవ్వు మోతాదు తేల్చడానికి, మళ్ళీ పోల్చుకోవడానికి |
| బయాప్సీ | బాగా పడుతుంది | అన్నిటికన్నా బాగా | సూది, రక్తస్రావం భయం | అనుమానం మిగిలినప్పుడు మాత్రమే |

నన్నడిగితే, సొంతూళ్ళో స్కానింగ్, రక్తపరీక్షలు చేయించుకుని, దొరికితే ఫైబ్రోస్కాన్ కూడా ముగించుకుని, సీటీ, ఎమ్మారై మాత్రం ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే తీయించుకోండి. ఊళ్ళో తీయించిన సీటీని వాళ్ళు తమ పద్ధతిలో మళ్ళీ తీయమంటారు. డబ్బూ పోతుంది, రేడియేషనూ రెండుసార్లు పడుతుంది. మాకు అదే జరిగింది. కర్నూలు వాళ్ళం పుల్లూరు టోల్‌గేట్ దాటి హైదరాబాద్ పోతాం, అనంతపురం వాళ్ళు బెంగళూరు, కడప వాళ్ళు ఎక్కువగా చెన్నై, వేలూరు వైపు. ఎటు పోయినా ఒక్కో ట్రిప్పూ ఒక రోజు జీతం, బస్సు చార్జీ, పత్యం భోజనం. అన్ని పరీక్షలూ రెండు రోజుల్లో పడేలా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ని ముందే ఫోన్‌లో అడగండి, కుదురుస్తారు.

కొవ్వు తేలింది. ఇప్పుడు?

ఇక్కడే రోగి టైము లెక్కకొస్తుంది. రోగి లివర్ ఎంత చెడిందో చెప్పడానికి డాక్టర్లు మెల్డ్ స్కోరు అని 6 నుంచి 40 దాకా లెక్క చెప్తారు. ఎంత పెరిగితే అంత తొందర. మా ఇంటాయనకి అప్పుడు 18. "రెండు నెలలు ఆగగలం, కానీ ప్రతి పదిహేను రోజులకీ చూపించాలి" అన్నారు. ఆ రెండు నెలలు నాకు దక్కాయి.

ఒకటో దారి, తగ్గి మళ్ళీ రావడం. ఒంటి బరువులో 5 శాతం తగ్గినా లివర్ కొవ్వు కరుగుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది. నేను 70 కిలోల నుంచి 64కి వచ్చాను, ఆ రెండు నెలల్లో. పొద్దున ఐదుంపావుకి కేసీ కెనాల్ గట్టు వెంట గంట నడక. టీలో చక్కెర మానేశాను. సాయంత్రం బడి నుంచి వస్తూ కొనే బజ్జీలు మానేశాను. సంగటి ముద్ద మానలేదు, సగం చేశాను, పక్కన ఆకుకూర పప్పు పెంచాను. చెనిక్కాయల చట్నీ రెండు స్పూన్లే. ఓళిగలు ఉగాదికి కూడా ముట్టలేదు, అత్తమ్మ చేసి నా ఎదురుగా పెట్టలేదు కూడా. మళ్ళీ తీస్తే ఎల్ఏఐ ప్లస్ 8, ఎమ్మారైలో 4 శాతం. బయాప్సీ అవసరం లేదన్నారు.

తొందరపడి కడుపు మాడ్చుకోకండి. మరీ వేగంగా బరువు తగ్గితే లివర్‌లో వాపు పెరగొచ్చు. వారానికి అర కిలో, మహా అయితే కిలో. మందు తాగేవాళ్ళు అలవాటు దాచకుండా చెప్పి పూర్తిగా మానాలి. పసరు మందులు, లివర్ పొడుల జోలికి పోవద్దు. తిప్పతీగ వాడి కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు మన దేశపు డాక్టర్లే రాశారు. డోనర్‌గా ఉన్న రోజుల్లో అలాంటి ప్రయోగం చెయ్యడం ఇద్దరి ప్రాణాలతో చెలగాటం.

రెండో దారి, ఇంట్లో ఇంకొకరు. 1994 చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువులు. 2011 సవరణతో అవ్వాతాతలు, మనవలు కూడా చేరారు. బావ, మేనమామ, పిన్ని కొడుకు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి, దానికి టైము పడుతుంది. పద్దెనిమిది నిండనివాళ్ళు మామూలుగా ఇవ్వడానికి లేదు.

మూడోది స్వాప్. మీ డోనర్ రక్తం గ్రూపు మీ రోగికి సరిపోక, ఇంకో ఇంట్లోనూ అదే చిక్కుంటే, డోనర్లని మార్చుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. కానీ కొవ్వు ఎక్కువున్న డోనర్‌ని అవతలి కుటుంబం మాత్రం ఎందుకు తీసుకుంటుంది? గ్రూపు చిక్కుకి ఇది మందు గానీ, కొవ్వుకి కాదు.

నాలుగోది జీవన్‌దాన్ జాబితా, అంటే బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ళ నుంచి అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం. ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయిస్తారు. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అయినా డోనర్ దొరికినా దొరక్కపోయినా పేరు రాయించి ఉంచమనే చెప్తాను. మేమూ రాయించాం.

ఎవరికి ఏది

రోగి చిన్న పిల్లైతే కంగారు పడకండి. అమ్మో నాన్నో ఇచ్చేది ఎడమ చివరి ముక్క, లివర్‌లో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. దాతకి చాలా మిగులుతుంది, కాబట్టి కొద్ది కొవ్వు దాతకి అంత అడ్డం కాదు. పెద్ద మనిషికి కుడి భాగం ఇవ్వాల్సి వస్తేనే లెక్క బిగుస్తుంది. ఆ ఆపరేషన్‌లో దాత ప్రాణానికి ముప్పు వెయ్యికి 2 నుంచి 5 మధ్య అని చెప్తారు. చిన్న అంకేనని కొట్టిపారేయకండి. లివర్ ఉన్నట్టుండి చెడి, రోజుల్లో ఆపరేషన్ కావాల్సినవాళ్ళకి బరువు తగ్గే దారి లేదు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కాకుండా, ఇద్దరు ముగ్గురు డోనర్లని ఒకేసారి పరీక్షలకి పంపాలి. సన్నగా ఉన్న కుర్రాళ్ళకి, షుగరు ఉన్న ఇంటివాళ్ళకి స్కానింగ్ నార్మల్ వచ్చినా ఎమ్మారై అడగండి.

ఇంకొకటి, ఇది ఏ రిపోర్టులోనూ ఉండదు. డోనర్‌తో డాక్టరు ఒంటరిగా మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళని బయటికి పంపి. ఇష్టం లేదని అక్కడ చెప్పొచ్చు. ఆ గదిలో చెప్పిన మాట ఇంటికి చేరదు. ఆ గదిలో మా అబ్బాయి ఏం చెప్పాడో నేను అడగలేదు.

మేము చేసిన ఇంకో తప్పు, నా పరీక్షలు అయిపోయాక వాడిది మర్చిపోవడం. డోనర్‌గా అక్కర్లేకపోయినా వాడి లివర్‌లో 13 శాతం అలాగే ఉంది, వాళ్ళ నాన్నకి మొదలైంది కూడా అలాగే. ఆపరేషన్ అయిన నాలుగో నెల్లో వాడికి ఫైబ్రోస్కాన్ చేయించాం. గట్టితనం 5.1, మచ్చలు లేవు. కూల్‌డ్రింకులు, రాత్రి పదకొండింటికి బిర్యానీ మానేశాడు. ఇప్పుడు పొద్దున కెనాల్ గట్టు మీద నాకన్నా ముందు నడుస్తాడు, వాళ్ళ నాన్న వెనక నుంచి నెమ్మదిగా వస్తారు. వాడి వచ్చే ఎమ్మారై దసరా సెలవుల్లో.